మాధవి జిగురు కోసం ఇబ్రహీంపట్నం

నిజం చెప్పాలంటే నేను ఇబ్రహీంపట్నం బయలుదేరింది చెరువు చూడటానికి కాదు, మాధవి మీద కుళ్లుతో. ఇద్దరం ఒకే ల్యాబులో పరిశోధన చేస్తున్నాం. సైనోబాక్టీరియా, అంటే చెరువుల్లో కనిపించే నీలాకుపచ్చ పాచి, తన చుట్టూ ఒక జిగురు వదులుతుంది. రకరకాల చక్కెరలు గొలుసుల్లా కలిస్తే ఆ జిగురవుతుంది. అందులో ఏ చక్కెర ఎంతుందో తేల్చడం మా పని. నేను తెచ్చే పాచిలో ఎప్పుడూ మామూలు గ్లూకోజే ఎక్కువ. మాధవి ఇబ్రహీంపట్నం నుంచి తెచ్చిన జిగురులో మాత్రం జైలోజ్ అనే చక్కెర కుప్పలుగా వచ్చింది. మా సార్ ఆ గ్రాఫును గోడకు అంటించారు. వచ్చే ఏడాది ప్రాజెక్టులో ఒక్కరికే చోటు. ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా నా కడుపు మండేది.

ఆదివారం పొద్దున ఏడున్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాను. కిటికీ సీటు కావాలంటే ఇక్కడే ఎక్కాలి, ఎల్బీ నగర్ దాటాక నిలబడటానికీ చోటుండదు. సాగర్ రోడ్డుకు రెండువైపులా పొలాల్లో తెల్లరాళ్లు పాతి, రంగు జెండాలు కట్టారు. పక్కన కూర్చున్నాయన జేబులోంచి వెంచర్ కాగితం తీసి నా ఒళ్లో పెట్టాడు.

“ఒక్కపారి చూడు అన్నా. నీ దోస్తులు కొన్నంక నువ్ చూసుకుంట కూసుంటవ్.”

“ప్లాటుకు కాదన్నా, పాచి కోసం పోతున్న” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూసి కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు. దోస్తులన్న మాట మాత్రం ఊరు వచ్చేదాకా నన్ను గుచ్చుతూనే ఉంది.

డిపో ఎదురుగా హోటల్లో ఇడ్లీ బాగుంది, చట్నీ కాస్త కారం. అక్కడి నుంచి చెరువు కట్టకు ఆటో దొరుకుతుంది. కట్ట మీద నీడ లేదు, టోపీ తీసుకెళ్లడం మంచిది. మాధవి చూపించిన ఫొటోలో తూము పక్కన మెట్లున్నాయి. వాటినే వెతుక్కుంటూ పోయాను. ఆమె నింపుకున్న చోటే, ఆమె కంటే పెద్ద సీసా నింపాలని నా పంతం.

మెట్ల దగ్గర ఒక ముసలామె, ఆమె భర్త కొత్త గొంగళ్లను నీళ్లలో ముంచి కాళ్లతో తొక్కుతున్నారు. మెట్ల అంచున పాచి దళసరిగా, వేళ్లకు సాగుతూ ఉంది. సీసా మూత తీశాను.

“మొన్న ఒక బిడ్డ గూడ గిక్కడనే నింపుకపోయింది. గీ పాచి ఏం జేస్కుంటరయ్యా?” అని అడిగింది ముసలామె.

“పరీక్ష చేస్తం అవ్వా. కొత్త గొంగళ్లే గదా, ఎందుకు తొక్కుతున్నరు?”

“గంజి పోవాలె గద. నేసేటప్పుడు దారానికి చింతగింజల గంజి పెడ్తం. అది ఉంటే ఎలుకలు కొరుకుతయ్.”

నా చేయి ఆగిపోయింది. చింతగింజల పిండిలో గ్లూకోజ్ తర్వాత ఎక్కువగా ఉండేది జైలోజే. మా సార్ పద్ధతిలో పాచిని ల్యాబులో పెంచం, చెరువు నుంచి తెచ్చిన జిగురునే కడిగి పరీక్షిస్తాం. గంజి ఆ జిగురుకు పట్టుకుంటే ఎంత కడిగినా వదలదు. మాధవికి వచ్చిన జైలోజ్ చాలావరకు గొంగళ్లదే అయ్యుండాలి. నాకు నవ్వాగలేదు. ఆ సంతోషంలో అవ్వకు గొంగడి పిండటానికి ఒక చెయ్యి కూడా వేశాను. తర్వాత కట్ట అవతలి చివరిదాకా నడిచి, ఎవరూ ఏమీ ఉతకని చోట సీసా నింపుకున్నాను.

మూడింటికి తిరుగు బస్సు ఎక్కాను. రేపు సార్ ముందు ఈ మాట ఎలా మొదలుపెట్టాలా అని మనసులోనే తిప్పి తిప్పి చెప్పుకుంటున్నాను. తుర్కయాంజాల్ దాటుతుండగా మాధవి ఫోన్ చేసింది.

“శ్రీనూ, నువ్ ఇబ్రహీంపట్నం పోయినవంట గదా, హాస్టల్ల చెప్పిన్రు. నా జైలోజ్ మీద నాకే నమ్మకం లేదు. మెట్లకు దూరంగ తీసిన జిగురుల అది రాలే. పొద్దున్నే సార్ ఇంటికి పోయి ఆ గ్రాఫ్ తీసెయ్యమని చెప్పిన. మెట్లకాడ నీళ్లల్ల ఏమన్న కలుస్తున్నదా, జర చూసినవా?”

“గొంగళ్లు తొక్కుతున్నరు. చింతగింజల గంజి” అన్నాను.

“అయితే గదే. మంచిగ పట్టినవ్. సార్‌కు నువ్వే చెప్పు, నువ్ కనుక్కున్నవని” అంది.

ఎల్బీ నగర్ దగ్గర బస్సు చాలాసేపు కదల్లేదు. ఇబ్రహీంపట్నం పోయి చూడదగ్గ ఊరే. చలికాలం పొద్దున వెళ్తే చెరువు గాలి హాయిగా ఉంటుంది. నాకు మంచి జిగురు దొరికింది, ప్రాజెక్టులో చోటు కూడా నాకే రావచ్చు. కానీ ఆ జైలోజ్ నాకు వచ్చి ఉంటే, తీసెయ్యమని చెప్పడానికి నేను సార్ ఇంటికి పోయేవాణ్ణి కాదు. ఆమె పోయింది. పొద్దున వెళ్లేటప్పటికంటే ఎక్కువ కుళ్లుతో హాస్టల్ చేరాను.