పదకొండు చికడీల లెక్క

హార్లన్ సెవర్‌సన్ నోట ఎనభై ఏళ్లలో ఒక్క మంచిమాట వచ్చిన దాఖలా లేదు. ఎండ కాస్తే కరువనేవాడు, చినుకు పడితే వరదనేవాడు. పెళ్లిలో పాస్టరు "ఒప్పుకుంటావా?" అని అడిగితే "ఇక తప్పేదేముంది" అన్నాడని మినెసోటాలోని ఆ చిన్న ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

చలికాలం వచ్చిందంటే ఆయన దిగులుకు పండగే. జనవరిలో జనం వీధిలో పారేసిన క్రిస్మస్ చెట్లన్నీ ఈడ్చుకొచ్చి, పిట్టలు చలిగాలికి వాటిలో దూరి తలదాచుకుంటాయని పెరట్లో గుట్ట వేసేవాడు. "అయినా బతకవులే" అంటూనే గింజలు చల్లేవాడు. గడ్డకట్టిన నీళ్లపళ్లెంలో కెటిల్‌తో వేడినీళ్లు పోసేవాడు.

పక్కింటి మార్లిస్ భర్త వెర్న్ అక్టోబరులో పోయాడు. ఆ తర్వాత ఆమెకు గడప దాటాలనిపించలేదు. పొద్దున లేవడమే ఎందుకో తెలిసేది కాదు. కానీ ఏడింటికల్లా తలుపు దబదబా మోగేది.

"పోయాయి మార్లిస్! పదకొండు చికడీ పిట్టలూ పోయాయి!"

"నిన్నా ఇదే అన్నావు."

"నిన్న పొరబడ్డాను. ఇవాళ ఖాయం. నా కళ్లు మసకలు, నువ్వొచ్చి చూడు."

తిట్టుకుంటూ బూట్లు తొడుక్కుని, కోటు తగిలించుకుని వెళ్లి లెక్కపెట్టేది. పదకొండూ ఉండేవి.

"అన్నీ ఉన్నాయి, ముసలోడా! ఏడవకు."

"రేపు పోతాయిలే" అంటూ ఆమె చేతిలో కాఫీ పెట్టేవాడు.

ఫిబ్రవరిలో ఊరి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. హార్లన్ కంచె దగ్గరే నిలబడి గడగడా చదివాడు.

"పెరట్లో గుట్ట నాలుగడుగులు మించకూడదట. అయిపోయింది. ఇక వాటికి దిక్కులేదు."

మార్లిస్ ఆ కాగితం అందుకుంది. అక్షరాలు చీమతలకాయంత ఉన్నాయి. ఆయన ముక్కు మీద కళ్లద్దాలు లేవు. తనను ఇంట్లోంచి బయటికి లాగడానికే ఇన్నాళ్లూ ఈ గోలంతా చేశాడని ఆమెకు అర్థమైంది. పైకి మాత్రం, "పై సగం నా పెరట్లో వెయ్యి" అంది.

ఆ వారమే సున్నాకి ముప్పై డిగ్రీలు దిగువన మూడు రోజులు మంచుగాలి కొట్టింది. నాలుగో పొద్దున ఏడున్నరైనా తలుపు మోగలేదు. మార్లిస్ తనే పరిగెత్తింది. హార్లన్ వంటింట్లో కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చున్నాడు. "పోయాయి" అని అరవలేదు. దాంతో ఆమె హడలిపోయింది.

"లే, లెక్కపెడదాం."

"చూశాను మార్లిస్. ఒక్కటీ లేదు."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. రెండు గుట్టలూ మంచులో కూరుకుపోయి ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. కాళ్లు కొయ్యబారేదాకా నిలబడ్డారు. చివరికి ఆమె పెరటి గుట్టలోంచి దూదుండలా ఉబ్బిన చికడీ ఒకటి బయటికొచ్చింది. తర్వాత ఇంకోటి. మొత్తం నాలుగు.

"ఏడు పోయాయి" అన్నాడు హార్లన్ నెమ్మదిగా. ఈసారి ఆయన మాట నిజమైంది.

"రేపు ఏడింటికి తలుపు కొట్టు" అంది మార్లిస్. "నీ కళ్ల సంగతి నోటీసు వచ్చిన రోజే తెలిసిందిలే."

"మరి ఇంకెందుకు కొట్టడం?"

"నా కళ్లే ఈమధ్య మసకేస్తున్నాయి. పక్కన ఇంకొకరు లేకపోతే లెక్క తప్పుతోంది."

"రేపటికి ఆ నాలుగూ ఉండవు" అని గొణుగుతూ, హార్లన్ కెటిల్ పొయ్యి మీద పెట్టడానికి గబగబా లోపలికి నడిచాడు.