ఫైరు మామ దాచిన ఇత్తడి టోపీ

పోయిన వారం ఒక ఉదయం, తొలి నమాజు ముగిసిన కాసేపటికి మా వీధి మసీదు మైకు మళ్ళీ మోగింది. వేళ కాని వేళ ఆ గొంతు వినిపిస్తే ఎవరో పోయారని ఆదోనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాలు కాస్తున్నదాన్ని ఆగి విన్నాను. చెప్పిన పేరు ఎవరిదో వెంటనే తట్టలేదు. మా వీధిలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు మరి. "ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన" అన్న ముక్క చెవిన పడ్డాక తెలిసింది. స్టవ్ ఆర్పి, సిలిండర్ కట్టేసి, పక్కింటికి పరుగెత్తాను. ఎంత తొందరలో ఉన్నా సిలిండర్ కట్టేయడం నాకు ఆయన నేర్పిన అలవాటే.

మా ఫైరు మామ పోయారు. ఎనభై దాటిన మనిషి. ఏ బాధా పడకుండా నిద్రలోనే పోయారని అందరూ అన్నారు. నిజమే. అయినా ఆయన గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నాది ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట పుట్టి, ఆదోనికి కోడలిగా వచ్చి, ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. మేం ఈ ఇంట్లో చేరి పాలు పొంగించిన రోజు, తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు అరటిపళ్ళు పట్టుకుని వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. వంటింట్లోకి తొంగి చూశారు. పెరట్లోకి వెళ్ళి తొట్టి మూత ఎత్తి చూసి వచ్చారు.

"ఏమనుకోవద్దు కోడలా. బతుకంతా మంటల్లో పనిచేసినోన్ని. యా ఇంటికి పోయినా ముందు నీళ్ళు యాడుండాయో సూసుకుంటా, ఆమైన కూసుంటా" అన్నారు.

పెళ్ళిళ్ళకు పోయినా అంతే. జనమంతా పెళ్ళికొడుకును చూస్తుంటే ఆయన షామియానా మీద లైట్ల వైర్లను చూసేవారు.

ఆయన ఇంటి ముందుగది మా వీధి పిల్లలకు ప్రదర్శనశాల. పాత ఫైర్ స్టేషన్‌ను కూల్చి కొత్త చోటికి మార్చినప్పుడు, మూలన పడివున్న తొలినాటి సామానంతా పాత ఇనుము కింద పోయేదట. అప్పటికే రిటైరైన మామ అధికారిని అడిగి, ఎద్దుల బండిలో వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నారు. తాడు కట్టి లాగే ఇత్తడి గంట, చేత్తో తిప్పే సైరన్, తోలు బకెట్లు, గుడ్డ పైపు చుట్ట, ఇత్తడి టోపీ, గాజు పగిలిన ఫోటోలు. ఒక ఫోటోలో ఎద్దులు లాగే నీళ్ళ పీపా బండి. ఇంకొక దాంట్లో అటూ ఇటూ మనుషులు నిలబడి పైకీ కిందికీ ఆడించే చేతిపంపు.

"మడిసి రిటైరైనా సామాను రిటైరు గాలేదు సూడు. మనవళ్ళు పండుకునేకి జాగా లేదు గానీ, గంటకు మాత్రం మంచమేసినాడు ఈయప్ప" అని అత్త, అంటే మామ భార్య, నాతో మొరపెట్టుకునేది. గంట నిజంగానే మంచం మీద ఉండేది.

ఆదివారం పొద్దున మామ అరుగు మీద చింతపండు పులుసుతో ఆ ఇత్తడిని తోముతూ కూర్చునేవారు. పిల్లలు చుట్టూ చేరితే కథలు మొదలయ్యేవి. ఎక్కువగా పత్తి కథలే. ఆదోనిలో పత్తికి దూరంగా ఎవరి కథ మాత్రం ఉంటుంది?

"పత్తి మంటను నమ్మొద్దప్పా. పైన ఆరిపోతాది. నొక్కి కట్టిన బేలు లోపల దొంగమాదిరి కూసోనుంటాది. మనం సంతోషంగా ఇంటికి పోతాం. అది మల్లా లేస్తాది" అనేవారు.

ఆ ఫోటోల్లో ఒకదాన్ని తుడిచేటప్పుడు మాత్రం ఆయన మాట్లాడేవారు కాదు. స్టేషన్‌కు వచ్చిన మొదటి మోటారు ఇంజను ముందు ఖాకీ నిక్కర్ల మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. వరస నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ వెనక, ఇంజను మూతి మీద ఒక టోపీ, మామ తోమే ఆ ఇత్తడి టోపీయే, పెట్టి ఉంది.

"ఈ జాగా ఎవరిది మామా?" అని ఒకసారి అడిగాను.

"మీ ఊరోనిదే" అన్నారు.

ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడి ముసలి డ్రైవరు చెప్పాడట. వెనకటికి ఒక పత్తి జిన్నింగు మిల్లు అంటుకుంది. ఎమ్మిగనూరు నుంచి వచ్చి చేరిన ఒక నేతవారి కుర్రాడు లోపలికి పోయి ఒక కూలీని మోసుకొచ్చాడు. ఇంకొకరున్నారని మళ్ళీ పోయాడు. గోడ కూలింది. ఇద్దరూ రాలేదు. తర్వాత ఎప్పుడో ఫోటో తీయడానికి మనిషి వస్తే, తోటివాళ్ళు అతని జాగా అతనికి వదిలి నిలబడ్డారు. టోపీ దొరికింది కాబట్టి టోపీ పెట్టారు.

"కొత్తగా సేరిన ప్రతివాన్నీ ఈ ఫోటో ముందర నిలబెట్టి ఆ డ్రైవరు పేరు సెప్పేటోడు, ఊరు సెప్పేటోడు. ఇప్పుడు అది తెలిసినోన్ని నేనొకన్నే మిగిలినా. నేను గూడ పోతే, ఊరికే ఎడంగా నిలబడినారనుకుంటారు గదమ్మా సూసినోళ్ళు" అన్నారు మామ. మళ్ళీ ఆయనే, "మీ నాయన్ను అడిగి సూస్తావా, వాళ్ళోళ్ళు ఎవురన్నా ఉండారేమో?" అన్నారు.

మా నాన్న మగ్గాల ఇళ్ళన్నీ తిరిగి అడిగాడు. కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు. "ఆయప్ప కూతురుంది పాపా. కానీ ఆ మాటెత్తితే మొగం తిప్పుకుంటాది. నిదానంగా రాండి."

బడికి సెలవున్న రోజు మామా నేనూ ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఫోటోను తువ్వాలులో చుట్టి నాకిచ్చారు. టోపీ సంచి మాత్రం దారి పొడుగునా ఆయన ఒళ్ళోనే ఉంది.

నాన్న చెప్పిన ఇంట్లో మగ్గాలు ఆడుతున్నాయి. డెబ్బై దాటిన అవ్వ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మేం వచ్చిన పని చెప్పగానే రాట్నం ఆపింది.

"మా నాయన గురించి సెప్పేకి ఏముంది? తాగి మంటల్లో పడి సచ్చినాడంట. పెండ్లైన నాటి నుంచి మా అత్తోల్లు అదే అంటా వచ్చిరి. నేను కడుపులో ఉన్నప్పుడే పోయినాడు. మా యమ్మ నోరు తెరవకుండానే పోయె" అంది.

మామ ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. డ్రైవరు తనకు చెప్పిందంతా నిదానంగా, ఒక్క మాట పెంచకుండా చెప్పారు. అవ్వ అంతా విని, "నువ్వు సూసినావా?" అని అడిగింది.

"నేను సూల్లేదు తల్లీ. అప్పటికి సిన్నోన్ని. సూసినోడు సెప్పినాడు నాకు. ఆ పొద్దు ఆయప్ప పక్కనే పైపు పట్టుకోని నిలబడినోడు. తాగినోన్ని మేము మంటలకాడికి రానీము తల్లీ. రెండోసారి పొమ్మని మీ నాయనకు ఎవురూ సెప్పలేదు. లోపల మనిసి దగ్గుతాండాడని ఆయప్పే పోయినాడు."

నేను ఫోటో విప్పి ఇచ్చాను. అవ్వ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క ముఖమే చూసింది.

"ఇందులో మా నాయన యాడుండాడు?"

బస్సులో వస్తున్నంతసేపూ నేను భయపడింది ఆ ప్రశ్నకే. మామ చూపుడువేలు ఆ ఖాళీ మీద పెట్టారు.

"ఈడ. ఇది ఆయప్ప జాగానే. వీల్లంతా ఆయప్పకు ఇడిసిపెట్టి నిలబడినారు."

ఆయన వేలు తీశాక అక్కడ అవ్వ తన వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత మామ సంచిలోంచి టోపీ తీసి ఆమె చేతికిచ్చారు. లోపలి తోలుపట్టీని తడిమింది. మగ్గం మీదున్న కొడుకును పిలిచింది. యాభై దాటిన మనిషి, జుట్టు నిండా నూలు పీచు.

"పెట్టుకోరా" అంది.

అతను మా వంక మొహమాటంగా చూసి పెట్టుకున్నాడు. కొంచెం వదులుగా, ఒక పక్కకు జారి నిలిచింది. అవ్వ దాన్ని సరిచేసి, కొడుకు ముఖాన్ని కొత్తగా చూసినట్టు చూసింది.

"ఇట్లుండెనేమో" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అప్పటికి ఆ ఇంట్లో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

టోపీ ఉంచుకొమ్మన్నారు మామ. అవ్వ ఒప్పుకోలేదు. "మా ఇంట్లో పెడితే మేమే సూస్తాం. మీ స్టేషన్లో పెట్టండి. కింద పేరు రాయండి. తప్పు లేకుండా రాయండి" అంది.

తిరుగు బస్సులో మామ ఒకే ఒక్క మాట అన్నారు. "పెద్ద పెద్ద అచ్చరాలతో రాపిస్తా."

అన్నట్టే రాయించారు. బోర్డులు రాసే అతని దగ్గర కూర్చుని, దీర్ఘాలూ ఒత్తులూ అన్నీ నాతో సరిచూపించి మరీ. ఏటా ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలకు స్టేషన్ ముందు బల్లలేసి ఆ సామానంతా పరిచేవారు. అవ్వ కొడుకునూ మనవళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చేది. మొదటి ఏడు చూడవచ్చిన ప్రతివాళ్ళతో "మా నాయన తాగలేదు" అని చెప్పింది. మరుసటి ఏడు నుంచి ఆ మాట అవసరం పడలేదు. టోపీ మీద చెయ్యి వేసి "మా నాయనది" అనేది, అంతే.

ఈమధ్య వచ్చిన అధికారి స్టేషన్‌లో అద్దాల బీరువా చేయించి, ఆ వస్తువులన్నీ అందులో పెట్టించాడు. అవి తరలిపోయిన రోజు నేను పోయేసరికి, ఖాళీ అయిన ముందుగదిలో మామ హాయిగా కాళ్ళు చాపి పడుకుని ఉన్నారు. గొణుగుతున్నది అత్తే. "గంటన్నా ఇడిసిపెట్టి పోయుంటే బాగుండు. ఇల్లు బోసిపోయింది" అంది. మామ నవ్వారు. "నీకు అలవాటయ్యేకి ఇన్నేండ్లు పట్టిందా?" అన్నారు. ఆయన అంత తేలిగ్గా నవ్వగా నేను చూడలేదు.

పోయిన రోజే, మధ్యాహ్నం నమాజు తర్వాత మామ జనాజా లేచింది. ఎమ్మిగనూరు నుంచి అవ్వ కొడుకుతో వచ్చింది. అతను మగవాళ్ళతో కలిసి భుజం పట్టడానికి వెళ్ళాడు. అవ్వా నేనూ వీధి చివర నిలబడ్డాం. ఈ ఏడు ఇంకా వానలు లేవు. కబరస్తాన్‌కు పోయే దారంతా కాళ్ళు కూరుకుపోయేంత దుమ్ము.

అప్పుడు ఫైరింజను వచ్చింది. సైరన్ లేదు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, జనం కన్నా ముందుగా, నడక వేగంతో కదిలింది. వెనక నిలబడిన ఇద్దరు కుర్రవాళ్ళు పైపు మూతిని నేలకు వంచి దారి తడుపుతున్నారు. వెనకాల తెల్లగుడ్డ కప్పిన జనాజా భుజాలు మారుతూ సాగింది. దుమ్ము లేవలేదు. వాళ్ళంతా మలుపు తిరిగి కనుమరుగైన తర్వాత కూడా, ఆ ఎండలో నల్లగా తడిసిన దారి ఒకటి మా ముందు నుంచి అంత దూరం పోయి ఉంది. తడి మట్టి వాసన వీధి వీధంతా నిండింది.