పాస్‌వర్డ్ చెప్పినోళ్ళకే భద్రత బ్యాడ్జి

ఉద్యోగాన్నీ పరువునూ ఒకే మధ్యాన్నం, అదీ చప్పట్ల మధ్య, ఎట్ల మట్టిలో కలుపుకోవచ్చో తెలుసుకోవాలంటే నా కాడికి రండి. ఆ విద్యలో నన్ను మించినోడు తిరువళ్ళూరు జిల్లాలో పుట్టలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేండ్లు. మణవాళనగర్‌లో ఇల్లు, తిరుత్తణి పక్కన ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ అయ్యవారి పని. తెలివి తక్కువ, టెక్కు ఎక్కువ. డాక్టరు మెడలో గొట్టం మాదిరి నా మెడలో పెన్‌డ్రైవు యేలాడతా ఉండె. దాంట్లో ఏముండె అంటారా? ఏమీ లేదు. పైనుండే తలకాయకు జతగా ఉండనీలే అని తగిలించుకున్నాను.

ఒకనాడు తిరువళ్ళూరులో అయ్యవార్లకు ట్రైనింగు పెట్టినారు. పిల్లలు కంప్యూటర్లో ఒక్కో పని నేర్చుకుంటే ఒక్కో డిజిటల్ బ్యాడ్జి ఇయ్యాలంట. చొక్కాకి గుచ్చేది కాదు, తెరమీద కనిపించే గుండ్రటి బొమ్మ. "ఊరికే పంచొద్దండి, పిల్లలు నిజంగా నేర్చుకున్నారని సాక్ష్యం ఉండాల" అని ట్రైనింగు మేడమ్ పదిసార్లు చెప్పింది. నేను 'సాక్ష్యం' అనే ఒక్క మాట పట్టుకోని, మిగిలిన పొద్దంతా సాంబారు వడ తిన్నాను.

అల్పునికి ల్యాప్‌టాప్ వస్తే మిట్టమధ్యాన్నం టార్చిలైటు ఏసినాడంట. మరుసటి రోజే బడిలో బ్యాడ్జీల జాతర మొదలుపెట్టినాను. కంప్యూటరు సక్రమంగా ఆపినోళ్ళకి ఒకటి. తెలుగులో టైపు చేసినోళ్ళకి ఒకటి. మౌసు తుడిచినోళ్ళకి గూడా ఒకటి. ఇంకో వారం విడిచిపెట్టింటే తుమ్మినోళ్ళకి గూడా ఇచ్చిందును.

అన్నిటికన్నా పెద్దది 'పాస్‌వర్డ్ కాపరి' బ్యాడ్జి. ఎనిమిదో తరగతి పిల్లలందరికీ మెయిలు అకౌంట్లు పెట్టిచ్చి, గొంతు పోయేదాకా అరిచినాను. "మీ పాస్‌వర్డ్ ఎవురికీ చెప్పగూడదు! యముడొచ్చి అడిగినా చెప్పగూడదు!" పిల్లలు తలలూపినారు. ఆడికి నిలిపి ఇంటికి పోయింటే ఈ పొద్దు మీకు నవ్వుకునే యోగం లేదు. మరి సాక్ష్యమో? గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నారో లేదో నాకెట్ల తెలిసేది? అందుకని ఒక ఫారం తయారు చేసినాను. పేరు, తరగతి, మీ పాస్‌వర్డ్. నింపినోళ్ళకే బ్యాడ్జి.

అర్థమయిందా? ఎవురికీ చెప్పలేదని రుజువు కావాలంటే నాకు చెప్పాల. కంచే చేను మేసిందని విన్నాము గానీ, చేనే నడిచొచ్చి నా నోట్లో పడాలని నోటీసిచ్చిన కంచెను నేనొక్కణ్ణే.

ఫారం పనిచేస్తాదో లేదో చూసేదానికి మొట్టమొదట నా పేరు, నా పాస్‌వర్డే కొట్టి పంపినాను. తరువాత దాన్ని తీసేయాలనే బుద్ధి పుట్టలేదు. ఆ వయసులో నాకు పుట్టనివి చానా ఉండె.

క్లాసులో అందరూ నింపినారు, నందిని తప్ప.

"ఏం మే, నీకొక్కదానికే కొమ్ములొచ్చినాయా?"

"లేద్సార్. చెప్పగూడదని మీరే కదా సార్ చెప్పినారు."

"అది బయటోళ్ళకి! నేను అయ్యవారిని."

"మా నాయన ఏటీఎం కాడ వాచ్‌మన్ సార్. నంబరు అడిగేవాళ్ళంతా మనకు కావాల్సినోళ్ళ మాదిరే మాట్లాడతారని చెప్పినాడు."

క్లాసంతా పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "అట్లయితే నీకు బ్యాడ్జి లేదు, పో!" అన్నాను. ఆ పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అయినా ఫారం ముట్టలేదు. నేనేం చేసినాననుకున్నారు? ఫారం జవాబులన్నీ చేరిన లిస్టు చివర్న ఆ పిల్ల పేరు ఎర్రరంగులో కొట్టి, పక్కన 'ఇయ్యలేదు' అని రాసినాను. నలుగురూ చూసి నేర్చుకోవాలని! థూ, ఇప్పుడు తలుచుకుంటే నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాల.

శుక్రవారం మధ్యాన్నం సభ. తల్లిదండ్రులొచ్చినారు. తిరువళ్ళూరు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ముందు కుర్చీలో మా హెడ్‌మిస్ట్రెస్ సరోజా మేడమ్. ఆమె నవ్వితే ఆ పొద్దు బడికి సెలవని పిల్లలు చెప్పుకుంటారు. నేను పెండ్లికొడుకు మాదిరి లేచి, "మీ పిల్లల ప్రతిభ చూడండి! మీ ఫోన్లకి గూడా లింకు పంపినాను!" అని గోడమీద లిస్టు తెరిచినాను. చప్పట్లు మోగినాయి.

మొదటి వరసలో నా పేరు. దాని పక్కన నా పాస్‌వర్డ్.

ముందు వరసలో ఒక అవ్వ మనవరాలిని అడిగింది, "ఏందే అది, అంత పెద్దగా రాసుండాది?" ఆ పిల్ల కూడబలుక్కోని గట్టిగా చదివింది. "ఎచ్చెమ్... సిడుమూంజి... ఎట్... ఒన్ టూ త్రీ."

సిడుమూంజి అంటే మా పక్క ఎప్పుడూ చిటపటలాడే మొహం. ఎచ్చెమ్ అంటే ఎవురో మీకు చెప్పే పని లేదు.

"ఎన్న సార్ ఇదు, ఏందిది?" అనింది సరోజా మేడమ్, చానా మెల్లగా. ఆమె అరిచింటే బాగుండును.

"అది... గట్టి పాస్‌వర్డ్‌కి ఉదాహరణ మేడమ్. పెద్దక్షరం, గుర్తు, అంకె, అన్నీ ఉండాయి..."

ఆలోగా అందరూ ఫోన్లలో కిందికి దిగినారు. దినేశు అనే పిల్లోని పాస్‌వర్డ్ 'లెక్కలొద్దు' అని చూసి లెక్కల అయ్యవారు లేచి నిలబడినాడు. ఒక పిల్ల వాళ్ళ చిన్నాయన ప్రేమించే ఆమె పేరు పెట్టుకోనుండాది. ఆ సంగతి ఇంట్లో ఆ పొద్దే తెలిసింది. "ఎవుర్రా ఆ మహాలక్ష్మి?" అని వెనక నుంచి ఒక పెద్దాయన కేక. నేను ప్రొజెక్టరు వైరు పెరికేసినాను. గోడ ఆరిపోయింది గానీ, ఫోన్లు ఆరిపోతాయా?

ఆఫీసరమ్మ తన ఫోన్లో చివరిదాకా చూసి అడిగింది, "నందిని అంటే ఎవురు? ఒక్క ఈ పాపకే బ్యాడ్జి లేదే, ఎందుకు?"

నందిని లేచి నిలబడింది. "నేను పాస్‌వర్డ్ చెప్పలేదు మేడమ్."

వెనక గోడకాడ వాచ్‌మన్ చొక్కాతో నిలబడినాయన తల దించుకున్నాడు. కూతురు తప్పు చేసిందనుకున్నాడు పాపం.

"ఈ బడిలో ఆ బ్యాడ్జికి అర్హత ఉండేది ఒక్కరికే. ఆమెకే ఇయ్యలేదు" అనింది ఆఫీసరమ్మ. నందిని నాయన మెల్లగా తలెత్తినాడు. ఆ చూపు నావైపు తిరగకముందే నేను ప్రొజెక్టరు వైరు చుట్టే పనిలో మునిగిపోయినాను.

ఆ సాయంత్రమే ల్యాబులో అందరి పాస్‌వర్డులూ మార్పించే పని నందినికి అప్పజెప్పినారు. పిల్లలంతా అయినాక నా వంతు. ఉద్యోగం ఉండాదో ఊడిందో తెలియక, కంప్యూటరు ముందర కూర్చున్నాను.

"సార్, కొత్తది కొట్టండి. నేను అట్ల తిరుక్కుంటాను" అని నందిని గోడవైపు తిరిగింది. వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది.

"నేను గూడా తిరుక్కుంటాను సార్. కానీ ఈసారి నా పేరు లేకుండా కొట్టండి. సోమవారం క్లాసు తీసుకోవాల కదా."

మరుసటి ఆదివారం తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కి, గుండు కొట్టిచ్చుకోని, మురుగన్ ముందర చేతులు జోడించి ప్రమాణం చేసినాను. ఈ కట్టె కాలేవరకు ఇంకొకరి రహస్యం అడగను, నా రహస్యం ఎవురికీ చెప్పను. కండ్లు తెరిచి చూస్తే పూజారి పళ్ళెం పట్టుకోని నిలబడి, "పేరు, నక్షత్రం చెప్పండి" అన్నాడు.

చెప్పలేదు.