సున్నం పొరల కింద పంతులమ్మ పేరు

2022 అక్టోబరు. నిడదవోలు దగ్గర ఒక లూథరన్ స్కూలుకి శిలాఫలకం బిగించడానికి రాజమండ్రి నుంచి వెళ్లాను. ముప్ఫయ్యేళ్లుగా రాతి మీద అక్షరాలు చెక్కడమే నా పని. ఇప్పుడు ఎక్కువగా శాండ్‌బ్లాస్టింగే, అంటే గ్రానైటు మీద రబ్బరు షీటు అంటించి, అక్షరాల మేరకు కోసి, ఇసుకను ఒత్తిడితో కొట్టించడం. నల్లరాయి మీద బంగారు రంగులో, స్కూలు కట్టించిన మిషనరీ దొరగారి పేరు, స్థలమిచ్చిన ఇద్దరు దాతల పేర్లు. పని బాగా కుదిరిందని నాకు కాస్త గర్వంగానే ఉంది.

గోడలోని పాత పాలరాతి పునాదిరాయి మీదే దీన్ని అతికించెయ్యమన్నారు హెడ్మాస్టరు గారు. ఏటా అక్టోబరు ముప్ఫై ఒకటిన వాళ్లకి సంస్కరణ పండుగ, అంటే లూథరన్ సంఘానికి నాంది పలికిన రోజు. దానికి ముందు బడికి సున్నం వేస్తారు. భక్తి ఎక్కువై గోడతోపాటు ఆ రాయికీ ఏటా వేస్తూ వచ్చారు. అది రాయో గోడో తెలియకుండా పోయింది.

నేను డ్రిల్లు తీసేసరికి సువార్తమ్మ గారు వచ్చారు. అదే బడిలో టీచరుగా రిటైరైన, ఎనభై దాటిన మనిషి.

"ఒక్కసారి చూసి బిగించండి మేస్త్రీ గారూ. ఇక్కడ మొదట పాఠం చెప్పింది మా నాయనమ్మేనండి. ఆవిడ పేరు ఈ రాయి మీద ఉందని మా నాన్నగారు చెప్పేవారు. అతికించేస్తే ఇంక నా మాట ఎవరూ నమ్మరండి."

రికార్డుల్లో అలాంటి పేరే లేదని హెడ్మాస్టరు గారు మెల్లగా అన్నారు. ఆవిడ ఏళ్ల తరబడి ఆ మాట చెబుతూనే ఉన్నారట, ఎవరూ పట్టించుకోలేదట. నాకు ఒళ్లు మండింది. చూస్తే ఏం పోయింది?

యాసిడ్ పోస్తే అయిదు నిమిషాల పని. కానీ అది పాలరాయిని తినేస్తుంది, సున్నంతోపాటు అక్షరాలూ పోతాయి. అందుకని తడి గోనెలు కప్పి రెండు రోజులు నానబెట్టి, వెదురుబద్దతో గీకడం మొదలుపెట్టాను. తెలుపు కింద లేత నీలం, దాని కింద పసుపు. దొరగారి పేరు తేలింది, దాతల పేర్లు తేలాయి. ఆ కింద అంతా నున్నగా ఉంది. సువార్తమ్మ గారు కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. ఆవిడ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇంకో జానెడు గీకాక, అన్నిటికన్నా కింద, "మొదటి ఉపాధ్యాయురాలు మరియమ్మ" అన్న అక్షరాలు బయటపడ్డాయి.

హెడ్మాస్టరు గారు దాన్ని పైకి చదివారు. "క్షమించండమ్మా. మీరు చెప్పినప్పుడే చూడాల్సింది" అన్నారు.

ఆవిడ తడి రాతిని కొంగుతో తుడిచారు. "నాకు చదివి వినిపించడం కాదండి, పిల్లల్ని పిలవండి. వాళ్లు చదవాలి."

ఆ ఏడు పండుగ ఆరాధనలో పిల్లలంతా ఆ పేరు గట్టిగా చదివారు. ఇప్పుడు సున్నం వేసే ముందు వాళ్లే రాతికి కాగితం అంటిస్తారట. నా నల్లరాయి మాత్రం షాపులో గోడకి ఆనించి ఉంది. కొత్తది బిగించే ముందు పాతదాని మీద ఎవరున్నారో చూడాలని అక్కడే నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో వేల పేర్లు చెక్కాను. గర్వంగా చెప్పుకునేది మాత్రం ఒక్క అక్షరమూ చెక్కని ఆ పని గురించే.