మంగేశ్ వేసిన ముడి

మంగేశ్ చివరిగా బాగుచేసింది యమునాబాయి ఫోను. జోడ్‌భావి పేట్‌లో అతని రిపేరు దుకాణం తెరవగానే ఆమె వచ్చి కూర్చుంది. ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఫోన్లకు ఒకటే రోగం. ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో తంబాకు పొడి ఇరుక్కుంటుంది.

"ఏందవ్వా, నీ ఫోన్ గూడ బీడీ తాగుతున్నదా?" అన్నాడు మంగేశ్, సూదితో పొడి గోకుతూ.

"తాగనియ్యి బిడ్డా. మా ముసలోడు తాగినంక మూలకు పండుకుంటడు. ఇదన్న నాతోని మాట్లాడుతది."

అతను నవ్వాడు. ఫోను ఆమె చేతికిచ్చి, ఎదురు హోటలుకు ఛాయ్ చెప్పి స్టూలు మీద కూర్చున్నాడు. ఛాయ్ వచ్చేసరికి గోడకు ఒరిగిపోయి ఉన్నాడు.

ఈ సంగతంతా అతని భార్య కోమల్‌కు యమునాబాయే చెప్పింది. "నవ్విండు బిడ్డా, మంచిగ నవ్విండు," అని పదే పదే అంది. కోమల్ ఏడుపు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. ఇంట్లో అతను అలా నవ్వి ఏళ్లు గడిచాయి.

అతనికి ఫోన్ల దుకాణం పెట్టాలని ఎన్నడూ లేదు. కోమల్ తండ్రి నర్సప్ప మంగేశ్‌కు సొంత మేనమామ. అశోక్ చౌక్ వెనక గల్లీలో ఆయన కార్ఖానా. బొమ్మల చాదర్లు నేసే మగ్గాలకు కంప్యూటర్ నుంచి డిజైన్ వెళ్తుంది. అప్పట్లో ఆ పనంతా మంగేశ్‌దే. డిజైన్లు గీసే పాత సాఫ్ట్‌వేర్ ఒకనాడు మొరాయించింది. దాన్ని అమ్మిన కంపెనీ అప్పటికే మూతపడింది. మంగేశ్ వెతికి వెతికి ఉచితంగా దొరికే మరో ప్రోగ్రాం పట్టుకున్నాడు. అయితే అది తయారుగా దొరకదు. రాసినవాళ్లు మూల కోడ్ మాత్రమే ఇస్తారు, ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు కంపైల్ చేసుకోవాలి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి.

అక్కడే చిక్కు వచ్చింది. కొత్త ప్రోగ్రాం, ఆ మార్చే పని చేసే కంపైలర్‌నూ, ప్రోగ్రాంలు ఆధారపడే లైబ్రరీ ఫైళ్లనూ కొత్తవి అడిగింది. కార్ఖానా కంప్యూటర్‌లో ఉన్నవి పాతవి. వాటిని తీసేస్తే డిజైన్‌ను మగ్గానికి పంపే చిన్న ప్రోగ్రాం నడవదు. పాతవాటిని కదిలించకుండా, కొత్తవాటిని వేరే చోట పెట్టుకుని పని చేసుకోవాలి. మంగేశ్ నేతగాడి కొడుకు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోతే పోగులు దూర్చిన అచ్చులోంచి దాన్ని పూర్తిగా ఎవరూ లాగేయరు. పాత పోగుల కొసలకు కొత్త పోగులు ముడివేసి ముందుకు గుంజుతారు. చిన్ననాటి నుంచి చేతులకు వచ్చిన పని అది. వేరే చోట పెట్టడం మాని ఇక్కడా అదే చేశాడు. కొత్త లైబ్రరీలకు పాతవాటి పేర్లు తగిలించాడు. కంపైలర్ ఆగిన చోటల్లా ఇంకో ముడి వేశాడు. పసుపు రంగులో హెచ్చరికలు బారులు తీరితే, తెరను పైకి జరిపి పోనిచ్చాడు. చివరికి ప్రోగ్రాం తెరుచుకుంది.

అది శ్రావణంలో వచ్చే నారళీ పున్నం పండుగకు ముందు. గల్లీలోని మార్కండేయుని మందిరానికి దేవుడి బొమ్మతో శాలువా నేసే వంతు ఆ ఏడు నర్సప్ప ఇంటికి వచ్చింది. అందుకు ఇంటింటికీ తిరిగి తలా ఒక లడి, అంటే ఒక నూలు చుట్ట, అడిగి తెస్తారు. ఆ నూలుతోనే నేయాలి, కొన్న నూలు కలపకూడదు.

"ముందుగాల సాదా నూలు మీద ఒక మూరెడు నేసి చూద్దం అల్లుడా," అన్నాడు నర్సప్ప.

"ఏం జరూరత్ లేదు మామా. స్క్రీన్ మీద బరాబర్ కనవడుతుంది గదా."

కంప్యూటర్ తెర మీద నిజంగానే బాగుంది. కానీ మగ్గానికి పంపే ప్రోగ్రాం పాత పేరు చూసి కొత్త లైబ్రరీని పట్టుకుంది. డిజైన్ కొంత పొడవు దాటాక వరుసలు పక్కకు జరిగాయి. బొమ్మ ఉన్న వైపు కిందికి ఉండేలా నేస్తారు కనుక ఎవరికీ తెలియలేదు. శాలువాను మగ్గం నుంచి కోసి, నలుగురి ముందు తిప్పి పరిచారు. దేవుడి తల భుజం దాటి అవతల ఉంది.

నర్సప్ప దాన్ని మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ ఏడు దేవుడికి బజారులో కొన్న శాలువా కప్పారు.

మాటలు తర్వాత మొదలయ్యాయి. "ఏంది మంగేశ్, దేవుని మెడ పట్టిందంటగా, బామ్ రాసినవా?" అన్నాడు ఛాయ్ బండి దగ్గర మల్లప్ప. నల్లా దగ్గర ఆడవాళ్లు కోమల్‌ను అడిగారు: "మా లడి దేవుని తలల వడ్డదా, కాళ్లల్ల వడ్డదా చెప్పు జరా." ఆమె బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

పండుగ సెలవుల్లో మంగేశ్ ఒక్కడే కార్ఖానాలో కూర్చుని, వేసిన ముడులన్నీ విప్పాడు. పాతవి పాతచోట ఉంచి, కొత్తవి విడిగా పెట్టి, మళ్లీ మొదటి నుంచి కంపైల్ చేశాడు. సాదా నూలు మీద నేసి, తిప్పి చూసుకున్నాడు.

"మామా, ఇప్పుడు మంచిగున్నది," అన్నాడు గడప దగ్గర నిలబడి. నర్సప్ప తలెత్తకుండా "సరే" అన్నాడు.

కొద్దిరోజులకే బజారులో ఒక మాట వినబడింది. నర్సప్ప పుణే నుంచి మనిషిని పిలిపించి కంప్యూటరంతా కొత్తగా చేయించాడట. మల్లప్పకు ఆ మాట నర్సప్పే చెప్పాడట. ఆ మాట మంగేశ్ చెవినా పడింది. మరునాడు కార్ఖానాకు వెళ్లలేదు. మళ్లీ ఎన్నడూ వెళ్లలేదు, ఫోన్ల రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. మందిరం ముందు నుంచి పోవలసి వస్తుందని దుకాణానికి చుట్టుదారిన నడిచేవాడు. నారళీ పున్నం వచ్చిందంటే జ్వరమని పడుకునేవాడు. కోమల్ కూడా గల్లీలో తల వంచుకునే నడిచేది.

"మా నాయిన్ని ఒక్కపారి అడిగి చూడుండ్రి," అంది ఒకసారి.

"ఏమని అడగాలె? చెడగొట్టినోన్ని నేను. ఇంకొకడొచ్చి బాగుచేసిండు. బస్."

మంగేశ్ కర్మకాండలు అయిపోయాక కోమల్ తండ్రిని చూడడానికి కార్ఖానాకు వెళ్లింది. కంప్యూటర్ పాతబడిందనీ, కొత్తది కొంటే ఆ ప్రోగ్రాం దాంట్లోకి ఎలా మార్చాలో తెలియడం లేదనీ ఆయన అన్నాడు.

"ఆ పుణే ఆయన్నే పిలువరాదు నాయినా?"

నర్సప్ప కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. "ఏ పుణే ఆయన? ఎవ్వడు రాలే బిడ్డా. చాదర్లు కొనే షేట్లు అల్లుని పేరు చెప్తే ఆర్డర్ ఇయ్యం అన్నరు. వాళ్ల నోరు మూయించనీకి అట్ల చెప్పిన. గప్పట్సంది గీ మగ్గాలన్ని మంగేశ్ చేసినదాని మీదనే నడుస్తున్నయ్."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"అల్లునికి ఎరికే అనుకున్న," అన్నాడు నర్సప్ప.