రేడియేటర్ మీద మోదుగాకు

మామయ్య పోయాడని భద్రాచలం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను పొయ్యి మీద పాలు కాస్తున్నాను. "నాయన పోయిండు" అన్నాడు. నేను పొయ్యి ఆర్పి, "మరి జీపు సంగతేంది?" అన్నాను. అప్పుడు అడగాల్సిన మాటేనా అది? కానీ మా ఆయన తప్పు పట్టలేదు. "నేను గూడ అదే ఆలోచిస్తున్న" అన్నాడు.

మామయ్య అంటే మా ఆయన తండ్రి. ఇల్లందు బొగ్గు గనుల్లో కార్మికుల బస్సు నడిపి రిటైరయ్యాడు. ఊరికే కూర్చునే మనిషి కాదు. ఒక పాత జీపు కొని, భద్రాచలం నుంచి చర్ల దాకా జనాన్నీ సంత గంపల్నీ ఎక్కించుకుని తిరిగాడు. అత్తమ్మ పోయినప్పుడు ఆమె శవపెట్టెను ఆ జీపులోనే, చర్ల దాటి అడవిలో ఉన్న సొంతూరి సమాధుల దొడ్డికి తనే నడుపుకుంటూ తీసుకెళ్లాడు. తిరిగొచ్చిన దగ్గర నుంచీ ఒకటే మాట. "నన్ను గూడ ఈ జీపులనే తీస్కపోవాలె, మీ అత్తమ్మ పక్కకు. కిరాయి బండ్ల ఎక్కియ్యకుండ్రి." ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు, పాలు పోయించుకునే ఆమెతో సహా.

ఇప్పుడా జీపు మా వాకిట్లో ఉంది. స్టార్టవుతుంది, తారు రోడ్డు మీద పరిగెత్తుతుంది. గుంతల దారి ఎక్కిందంటే చాలు, హీటెక్కి ఆగిపోతుంది. మామయ్య సొంతూరికి ఉన్నదంతా గుంతల దారే.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అన్నీ గొప్పలే రాయాలంటారు. నాకు చేతకాదు. మామయ్య గొప్ప మెకానిక్కేమీ కాదు, బండి విప్పకుండా ఉండలేని మనిషి. ఆదివారం ఆరాధన నుంచి రాగానే తెల్ల చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో బానెట్ కింద దూరేవాడు. మా ఆయనకు ఆ గ్రీజు వాసనే పడదు. అందుకని పానాలు అందించే పని పెళ్లయిన కొత్తలోనే నా మీద పడింది. అంతా బిగించాక ఒక నట్టో, వాషరో తప్పకుండా మిగిలేది. "ఇదేంది మామయ్యా?" అంటే, "కంపెనోడు ఎక్స్‌ట్రా ఇచ్చిండు బిడ్డా" అని దాన్ని పాత మందు డబ్బాలో వేసేవాడు. అలా రెండు డబ్బాలు నిండాయి.

ఆ రిపేర్ల తర్వాత బండి రోడ్డు మీద హీటెక్కడం మామూలే. చర్ల రోడ్డులో ఆయన జీపు ఆగని మలుపు లేదంటే నమ్మండి. జనం దిగి చెట్ల కింద కూర్చునేవారు. సంతకు పోయే కోయ ఆడవాళ్లు తమ సొరకాయ బుర్రల్లోని నీళ్లు ఇవ్వబోతే, మామయ్య చెయ్యడ్డం పెట్టేవాడు. "వేడి మీద మూత తియ్యొద్దు. జర సల్లారనియ్యాలె." ఆ మాట రేడియేటర్‌కే పరిమితం కాలేదు. ఒకసారి మా ఆయన మీద కోపంతో నేను సంచి సర్దుకుంటుంటే, గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుని అదే మాట అన్నాడు. నేను చల్లారేదాకా అక్కడి నుంచి లేవలేదు. ఆ పూట ఆయనా తినలేదు. నేను ఈ ఇంట్లో ఉన్నానంటే అందులో ఆ స్టూలు పాత్ర కొంత ఉంది.

ప్రతి రిపేరుకూ చివరన ఒక పరీక్ష ఉండేది. దడి పక్కనున్న మోదుగ చెట్టు నుంచి ఒక ఆకు కోసుకొచ్చేవాడు. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసి, నన్ను ఇంజిన్ స్టార్ట్ చెయ్యమనేవాడు. ముందుకెళ్లి ఆకును రేడియేటర్‌కు ఆనించి చెయ్యి వదిలేవాడు. లోపల ఫ్యాను గాలిని సరిగ్గా గుంజుతుంటే ఆకు అక్కడే అంటుకుని ఉంటుంది. లేదంటే జారి పడుతుంది. "నీళ్లు తాపుడు అందరికీ తెలుసు బిడ్డా. గాలి పీలుస్తుందో లేదో సూడాలె" అనేవాడు. ఆకు నిలబడితే ఆయన ముఖం చూడాలి. ఎవరికో పిల్లాడు పుట్టిన కబురు విన్నట్టు ఉండేది.

ఆసుపత్రికి పోయే ముందు రోజు కూడా జీపు విప్పాడు. నీళ్ల పంపు కారుతోందని ఫ్యాను ఊడదీసి, కొత్త పంపు వేసి, మళ్లీ బిగించాడు. పని కన్నా ఆయాసంతో ఆయన కూర్చుని లేవడమే ఎక్కువైంది. నేను పానా తీసుకోబోతే ఇవ్వలేదు. చివరి బోల్టు బిగించి స్టూలు మీద కూలబడి, "ఆకు రేపు పెడ్దాం బిడ్డా" అన్నాడు. తెల్లారేసరికి ఊపిరి అందలేదు. అంబులెన్స్ వచ్చింది.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా ఆయన జీపును రెండుసార్లు బయటికి తీశాడు, రెండుసార్లూ గుంతల్లో పడగానే హీటెక్కింది. ఒకరు ఇంజిన్ హెడ్ పోయిందన్నారు, ఒకరు రేడియేటర్ మార్చాలన్నారు. ఇక చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

పోయిన రోజు, ఆయన్ని ఇంటికి తీసుకురావడానికి ఇంకా టైముంది. చుట్టాలు వస్తున్నారు, ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో నా చేతులు పట్టుకున్నారు, అవి నా చేతుల్లా అనిపించలేదు. లేచి వాకిట్లోకి వెళ్లాను. నీళ్లు చూశాను, నిండుగా ఉన్నాయి. ఎక్కడా కారడం లేదు. బెల్టు బిగువుగా ఉంది. అప్పుడు మోదుగాకు కోసుకొచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్‌కు ఆనించి చెయ్యి వదిలాను.

ఆకు జారి కింద పడింది.

ఇంజిన్ ఆపి ఫ్యాను చూశాను. రేడియేటర్ వైపు ఉండే రెక్కల ముఖానికి ఎప్పుడూ మా రోడ్ల ఎర్రదుమ్ము పట్టి ఉంటుంది. ఇంజిన్ వైపు ముఖం ఆయిలు జిడ్డుతో నల్లగా ఉంటుంది. ఇప్పుడు నల్ల ముఖం ముందుకుంది. మామయ్య ఫ్యాను తిప్పి బిగించాడు. ఎన్ని రిపేర్లు చెడగొట్టినా ఈ తప్పు ఆయన ఎన్నడూ చేయలేదు. ఆ రోజు ఆయనకు ఒంట్లో ఎంత బాగాలేదో, నాకు ఆ ఫ్యాను నాలుగు బోల్టుల దగ్గర తెలిసింది.

పానా తెచ్చి విప్పడం మొదలుపెట్టాను. మా ఆయన మేనత్త బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది. "ఏందే కోడలా, మనిషి ఇంటికొచ్చే యాళ్లకు గా జిడ్డు చేతులేంది? నీకు ఏడుపు గిట్ల రాదా?"

"వస్తలేదు అత్తా" అన్నాను. నిజమే చెప్పాను.

ఫ్యాను సరిగ్గా తిప్పి బిగించి మళ్లీ ఆకు పెట్టాను. ఈసారి నిలబడింది. అంబులెన్స్‌తో పాటు వచ్చిన మా ఆయన నా చేతులు చూసి, "ఏమైంది బండికి?" అని అడిగాడు. "ఏం లేదు, బోల్టు లూజైంది" అన్నాను. తండ్రి చివరి పని తప్పయిందని ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. ఆ సంగతి మా ఆయన కూడా ఇక్కడ చదివే తెలుసుకుంటాడు.

జీపులో పెట్టె ఎక్కించారు. మా ఆయన నడిపాడు, పక్క సీట్లో పాస్టరుగారు, వెనక పెట్టె పక్కన నేను. పోలీసు క్యాంపు దాటాక దారి పాడైపోయింది. పోడు చేల మధ్య నుంచి నడకంత మెల్లగా పోయాం. వెనక వస్తున్న చుట్టాలంతా పాటలు పాడుతుంటే నేను మా ఆయన భుజం మీదుగా టెంపరేచర్ ముల్లునే చూస్తూ కూర్చున్నాను. అది సగం దాటలేదు. అత్తమ్మ పక్కన ఆయన్ని దించి వచ్చాం.

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, ఏం చెయ్యాలో తోచక జీపు స్టార్ట్ చేశాను. ఒక మోదుగాకు కోసి పెట్టాను. అంటుకుంది. సన్నగా వణుకుతూ అక్కడే ఉంది. "చూడు మామయ్యా" అని పైకే అన్నాను. మామయ్య లేడని అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లకు.

మా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "బండి మంచిగనే ఉంది గదా, ఇగ బంద్ చెయ్. డీజిల్ వట్టిగ కాలుతుంది."

"జర ఆగు" అన్నాను.

ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆకును చూశాడు. కీ తిప్పి ఇంజిన్ ఆపితే అది జారిపోతుంది. ఇద్దరం చాలాసేపు అలాగే నిలబడ్డాం, కీ దగ్గరికి ఎవరమూ పోలేదు.