చెల్లి గదికి గంట ఫోను

దువ్వాడలో పాలిటెక్నిక్ హాస్టల్లో చెల్లికి సీటు వచ్చినప్పుడు అమ్మ ఒక్క షరతు పెట్టింది. రోజూ చేపల గంప ఖాళీ అవగానే, ఏ వేళైతే ఆ వేళ, తాను ఫోను చేస్తుంది. చెల్లి ఎత్తాలి.

"ఒక్కరోజు ఎత్తకపోయినావా, మర్నాడే వచ్చి పట్టుకొచ్చేస్తాను," అంది.

చెల్లికి చిన్నప్పటి నుంచి వినికిడి తక్కువ. చెవికి ఆనించుకుంటే ఫోనులో మాట తెలుస్తుంది, దూరంగా మోగితేనే తెలియదు. పైగా ఒక్కరుండే చిన్న గది. సెల్‌ఫోన్లేమో వారమంతా వార్డెను బీరువాలో ఉంటాయి. గోడకు తీగ ఫోను పాయింటు ఉంది కానీ, ఫోను మనమే తెచ్చుకోవాలి.

ఎంచే పని నాకు పడింది. పదో తరగతితో చదువు ఆపేసి జాలరిపేటలో అమ్మతో పాటు చేపలమ్మినా, మధ్యాహ్నాలు లైబ్రరీలో గడిపేదాన్ని కాబట్టి ఇంట్లో పండితురాలిని నేనే. వారం రోజులు చెవి గురించి దొరికినవన్నీ చదివాను. లోచెవిలో నత్తగుల్లలాంటిది ఒకటి ఉంటుందని తెలిశాక, ఒడ్డున గుల్లలు ఏరి లోపలి మెలికల్ని వేలితో తడిమి చూశాను. వినికిడి తగ్గినవాళ్లలో చాలామందికి ముందు సన్నని, కీచు స్వరాలు వినపడకుండా పోతాయని నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

అంత చదివీ, వన్‌టౌన్‌లో ఫోన్లు బాగుచేసే ముసలి సాయిబు గారి కొట్టుకు ఒక్కదాన్నే వెళ్లాను. ఒక్కొక్కటే మోగించి చూపించారు. అన్నిటికన్నా గట్టిగా కీచుమన్నదాన్ని తీసుకున్నాను.

"ఇది కట్టీయండి భాయ్. వీధి సివరి దాకా ఇనబడతాది."

"ఎవరికమ్మా?"

"మా సెల్లికి. దానికి సరిగ్గా ఇనపడదు."

"మరి నీ సెవితో ఎంచుతన్నావేటి? దానికి కళ్లజోడు కావాలన్నా నువ్వే పెట్టుకుని సూసేస్తావా?"

మా ఒడ్డున అంతే. వినపడలేదంటే ఇంకా గట్టిగా అరుస్తాం, పడవ మీది మనిషికైనా చెల్లికైనా. గట్టిదనం తప్ప మరో కొలత మాకు తట్టదు. నోటుపుస్తకంలో రాసుకున్న ముక్క అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు చెల్లిని తీసుకెళ్లాను. సాయిబు గారు దాన్ని వీధి వైపు తిప్పి నిలబెట్టి, వినపడితే చెయ్యెత్తమన్నారు. నేను ఎంచిన ఫోను మోగింది. చెల్లి వీధిలో ఆటోలు చూస్తూ ఉంది. ఇంకో రెండు మోగాయి, అప్పుడూ అంతే. చివరికి ఆయన అటక మీంచి ఒక నల్లటి బరువైన ఫోను దింపి రేకు బల్ల మీద పెట్టారు. లోపలి ఇత్తడి గంటలు బొంగురుగా మోగాయి. చెల్లి చెయ్యి లేచింది.

"డయలు బిగుసుకుపోయింది," అన్నారాయన.

"ఎత్తితే సాలు," అన్నాను.

"ఏటక్కా, ఈ ముసల్దాన్ని మోసుకెళ్లాలా? హాస్టలంతా నవ్వుతారు," అంది చెల్లి.

"నవ్వనీ. ఇంటికొచ్చీడం కన్నా నయం కాదేటి?"

తను హాస్టల్లో చేరిన రోజు అయిదింటికల్లా గంప ఖాళీ అయింది. అమ్మ నా సెల్‌ నుంచి చేసింది. నాలుగు సార్లు మోగింది, అయిదు సార్లు. అమ్మ నా వైపు చూసింది. ఆరోసారి మోగుతుండగా, "అమ్మా," అని వినిపించింది.

"తిన్నావేటే?" అని అమ్మ పడవను పిలిచినట్టు అరిచింది.

"అరవకే అమ్మా, వార్డెనుకి కూడా ఇనబడతంది."

ఫోను నా చేతికి రాగానే ఎలా తెలిసిందని అడిగాను.

"ఇనప మంచం మీద పెట్టినాను. పడుకుని ఉంటే మంచం వణికింది. సెవి కన్నా ముందు నా ఈపుకి తెలిసిపోనాది."

వీపుతో వినవచ్చని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లి, చెవి పుస్తకాల్ని దాటి, ఇనుము గురించి ఏమున్నాయో వెతకడం మొదలుపెట్టాను.